రాజేశం ఓట్లడిగాడు

రాజేశం మాట్లాడడని ఎర్రగుంటపల్లెలో అందరికీ తెలుసు. జగిత్యాల జిల్లాలో చిన్న ఊరది. పిల్లను చూడడానికి వెళ్లిన రోజున కూడా అతని తరఫున అక్కే మాట్లాడింది. పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే అతను తలూపాడు. ఆ ఊపు అవునో కాదో తేలక వాళ్లు మళ్లీ అడగాల్సి వచ్చింది. ఈ ముచ్చట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు.

ఖతర్‌కు వచ్చాక ఉన్న ఆ కాస్త నోరు కూడా పడిపోయింది. రాస్ లఫాన్‌లో అతనిది స్కఫోల్డింగ్ పని. గ్యాస్ ప్లాంట్లలో ట్యాంకుల చుట్టూ, పైపుల చుట్టూ ఇనుప గొట్టాలతో మంచెలు కడతాడు. అంత ఎత్తున, ఆ గాలి హోరులో మాట కంటే చేతి సైగ నయం. సాయంత్రం కంపెనీ బస్సు అల్ ఖోర్ దగ్గరి క్యాంపులో దింపుతుంది. స్నానం, వంట, ఇంటికి ఒక ఫోను. ఆ ఫోనులో భార్య తిరుమల చెప్తూ పోతుంది, అతను ఊ కొడుతూ ఉంటాడు.

అలాంటి మనిషి మొన్న డిసెంబరులో ఖతర్‌లో ఉండి సర్పంచ్ ఎన్నికలకు ప్రచారం చేశాడు.

ఆ ఏడు ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. మాజీ సర్పంచ్ తన భార్యను నిలబెట్టాడు. ఆమె మీద నిలబడడానికి ఎవరూ ముందుకు రాని సమయంలో రాములవ్వ నామినేషన్ వేసింది. రాములవ్వ ఊరి బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి, ఈమధ్యే ఆ పని మానుకుంది. రాజేశం మొదటిసారి విమానం ఎక్కినప్పుడు అతని కూతురు నాన్న కోసం బెంగపెట్టుకొని అన్నం ముట్టలేదు. బడిలో ఒళ్లో కూర్చోబెట్టుకొని తినిపించింది రాములవ్వే. ఆ పిల్ల ఇప్పుడు హైస్కూలుకు వచ్చింది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. వానలకు వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయినప్పుడు ఊరికి బస్సు ఆగిపోయింది. కల్వర్టు మళ్లీ కట్టారు గానీ బస్సు తిరిగి రాలేదు. పిల్లలు నడిచే పోతున్నారు. ఆ బస్సు కోసం డిపో చుట్టూ తిరిగిన మనిషి ఊళ్లో ఎవరైనా ఉన్నారంటే అది రాములవ్వ.

ఒక సాయంత్రం తిరుమల ఫోను చేసి, "రాములవ్వ నీతోని మాట్లాడుతదట" అని ఫోను ఆమె చేతికిచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న చిన్నమ్మా."

"నేను సర్పంచుకు నిలవడ్డ."

"ఊ."

"ఊ అంటే గాదు. నాకు నీ నోరు గావాలె."

తను సరిగ్గానే విన్నానా అనుకున్నాడు రాజేశం.

"మనూళ్లె ఇంటికొక్కడు దుబాయ్‌ల ఉన్నడు," అంది రాములవ్వ. ఖతరైనా మస్కటైనా ఆమెకు దుబాయే. "నేను ఇల్లిల్లు తిరిగి చెప్పేది చెప్తున్న. గని దుబాయ్ నుంచి ఇంటాయన ఫోన్ జేసి ఒక్క మాటంటే దాని బరువు వేరే. నువ్వు ఆ మొగోళ్లతోని మాట్లాడాలె."

"నాకు మాట్లాడరాదు చిన్నమ్మా. ఇంకెవలకన్న చెప్పరాదు."

"మాట్లాడొచ్చినోళ్లు శానమంది ఉన్నరు. వాళ్లు జేస్తే మళ్ల మొదలువెట్టిండని ఫోను పక్కకు వెడ్తరు. నువ్వు జేస్తే ఏదో పెద్ద ముచ్చటే ఉన్నదని చెవొగ్గి ఇంటరు."

అటు నుంచి కూతురు ఫోను లాక్కుంది. "బాపూ, రాములవ్వ గెలిస్తే బస్సు అస్తదట. చెప్తవా?"

రాజేశం తలూపాడు. ఫోనులో తలూపు కనిపించదని గుర్తొచ్చి, "చెప్త," అన్నాడు.

చెప్తానైతే అన్నాడు. ఎలా చెప్పాలో తెలియదు. గదిలో పక్క మంచం ఆంజిది. అతను అమలాపురం నుంచి వచ్చిన వెల్డరు. ఊళ్లో ఉన్న రోజుల్లో ఆటోకి మైకు కట్టుకుని ప్రతి ఎన్నికకూ తిరిగాడట. సంగతి వినగానే లేచి కూర్చున్నాడు.

"చూడండి రాజేశం గారూ, ముందు నమస్కారం. తర్వాత వాళ్ల ఇంట్లోవాళ్ల క్షేమం అడగాలి. ఆ తర్వాత ఊరి సమస్య. గుర్తు ఆఖర్న. గుర్తు ముందే చెప్పేస్తే అవతలివాడు మిగతాది వినడు."

రాజేశం ఆ వరుసను గోడ వైపు తిరిగి చాలాసేపు గొణుక్కున్నాడు. తర్వాత అల్ అజీజియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తున్న తన ఊరివాడికి ఫోను కలిపాడు.

"అన్నా, నేను రాజేశంను."

అవతల కారు రేడియో ఆగిపోయింది.

"ఎవలు పోయిండ్రు?" అన్నాడు డ్రైవరు.

"ఎవ్వలు పోలే."

"దాసిపెట్టకు తమ్మీ. మా అవ్వనా?"

"అవ్వ మంచిగనే ఉన్నదన్నా. పొద్దుగాల పొలం కాడ కనవడ్డదట."

"మరి నువ్వెందుకు ఫోన్ జేసినవ్?"

ఆంజి నేర్పిన వరుసంతా రాజేశం తలలోంచి ఎగిరిపోయింది. "ఓటు కోసం," అన్నాడు.

డ్రైవరు ముందు తిట్టాడు. తర్వాత నవ్వాడు. నవ్వు ఆగాక, "నా పాణం పోయి అచ్చింది గదనే. మా అవ్వ బతికున్నదని చెప్పినవు, గా ఒక్క మాటకే మా ఇంటి ఓట్లు నీకిచ్చిన. ఇంతకు ఎవలకు వెయ్యాలె?" అన్నాడు.

ఆంజి ఈ మాట విని మంచం మీద పడి దొర్లాడు. రాజేశం కూడా నవ్వాడు. ఆ తర్వాత ఎవరికి ఫోను చేసినా మొదటి మాట అదే అయింది: "అన్నా, ఎవ్వలు పోలే, అందరు మంచిగున్నరు. నేను రాజేశంను." ఆంజి చెప్పిన నమస్కారం కంటే ఇదే బాగా పనిచేసింది.

సంగతి ఎలాగో పనిలో ఫోర్‌మన్ బాసిత్ చెవిన పడింది. బాసిత్‌ది పెషావర్. పెద్ద గడ్డం, మెత్తటి మనసు. పొద్దున బస్సులో పక్కన కూర్చొని నెమ్మదిగా అన్నాడు: "రాజేశం భాయ్, ఇక్కడ జెండా మాఫీ, నారా మాఫీ, మీటింగ్ మాఫీ. ఫోన్‌లో మన ఇంటివాళ్లతో మాట్లాడుకో, బస్, అంతే." గల్ఫ్ మాటల్లో మాఫీ అంటే లేదని, నారా అంటే నినాదమని. రాజేశం సరేనన్నాడు. అసలు నినాదం ఇవ్వడం అతనివల్ల అయ్యే పనీ కాదు. కాసేపాగి బాసితే అడిగాడు: "మీ ఊరి ఆమె గెలుస్తుందా?"

ఆ వారమే గుర్తులు వచ్చాయి. రాములవ్వకు స్పానర్ గుర్తు పడింది. మాజీ సర్పంచ్ భార్యకు ఉంగరం. ఉంగరమంటే చూపించడానికి ప్రతి వేలికీ ఉంటుంది. స్పానర్ సంగతి వేరు.

"ఏం జెయ్యాలె బిడ్డా," అంది రాములవ్వ ఫోనులో. మొదటిసారి ఆమె గొంతు జావగారింది. "ఆ కాయితం మీద బొమ్మ జూసి ఆడోళ్లు బొక్క అంటున్నరు, మటన్ కూరల బొక్క. బొక్క గుర్తుకు ఓటెయ్యిమంటే మా ఇంట్ల వ్రతం ఉన్నదని ఒకామె మొకమే తిప్పుకున్నది."

"బొక్క గాదు చిన్నమ్మా. పానా," అన్నాడు రాజేశం. "నేను దినాం పట్టేదే."

"నాకు ఎర్కనే. ఊరికెట్ల ఎర్క గావాలె?"

ఆ రాత్రి భోజనాల వేళ ఆంజి ఒక ఉపాయం చెప్పాడు. ప్లాంటు లోపలికి ఫోన్లు రానివ్వరు, అక్కడ వీడియో తీయడం కుదరదు. గదిలో తీస్తే అడిగేవాడు లేడు. గదిలో రాజేశం పడుకునే ఇనుప మంచం రెండంతస్తులది, పైనవాడు పక్కకు దొర్లితే కిందవాడికి తెలిసేలా ఊగుతుంది. క్యాంపు మెయింటెనెన్స్ మనిషి దగ్గర పానా అడిగి తెచ్చుకున్నారు. ఆంజి ఫోను పట్టుకున్నాడు.

మొదట రాజేశం కెమెరా చూసి పాస్‌పోర్టు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. రెండోసారి నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. మూడోసారి పానా చేతి నుంచి జారి కాలి బొటనవేలి మీద పడింది.

"నన్ను చూడకండి," అన్నాడు ఆంజి. "ఫోన్నీ చూడకండి. మంచం బాగుచేయండి. చేసేటప్పుడు ఏది తోస్తే అది చెప్పండి."

రాజేశం మంచం పక్కన చతికిలబడ్డాడు. పానాను బోల్టుకు తగిలించాక చేతులకు వాటి పని తెలిసింది. చేతులు కుదురుకోగానే మాట కూడా కుదురుకుంది.

"అక్కా, చెల్లే, చిన్నమ్మా. దీన్ని పానా అంటరు. ఇది బొక్క గాదు. జూడుండ్రి, ఈ మంచం ఊగుతున్నది. మంచం పాడుగాలే, మంచిదే. బోల్టు వదులైంది, అంతే. పారెయ్యద్దు, కొత్తది కొనద్దు. ఇట్ల తగిలియ్యాలె, ఇట్ల తిప్పాలె." పై మంచాన్ని పట్టి ఊపాడు. అది కదల్లేదు. "మనూరు గూడ మంచిదే. బస్సు ఒక్కటి వదులైంది. రాములవ్వ చేతికి పానా ఇయ్యుండ్రి, బిగిస్తది."

ఆంజి ఫోను దించకుండా అలాగే నిలబడిపోయాడు. "ఇంతసేపు ఎక్కడ దాచారండీ ఇదంతా?" అన్నాడు. ఆ మాట కూడా వీడియోలో పడింది. అలాగే పంపేశారు.

మరునాడు బస్సు దిగి ఫోను తెరిచేసరికి వీడియోలోని రాజేశం ఊరంతా తిరిగి వచ్చాడు. ఊళ్లోవాళ్లు ఒకరికొకరు పంపుకున్న వీడియో సౌదీ నుంచి, మస్కట్ నుంచి, నిజమైన దుబాయ్ నుంచి అతనికే తిరిగి వస్తోంది. తిరుమల ఫోను చేసి చాలాసేపు ఏమీ అనలేదు. ఆ పూట ఊ కొట్టే వంతు ఎవరిదో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆమె, "నువ్వు ఇట్ల మాట్లాడుతవని నాకు ఇన్నేండ్లు చెప్పలే," అంది. గొంతులో కోపం లేదు. ఆమె ఆ వీడియోను ఎన్నోసార్లు చూసిందని కూతురు వెనక నుంచి అరిచి చెప్పింది.

అయితే ఒక చిక్కు ఉంది. మారుతి.

మారుతిదీ ఎర్రగుంటపల్లే. అల్ సద్‌లో ఒక క్లినిక్ భవనానికి వాచ్‌మన్. రాజేశం, అతను ఒకే విమానంలో వచ్చారు. ఖతర్‌లో ఎన్నేళ్లుగా ఉన్నారో అన్నేళ్లుగా వాళ్లకు శుక్రవారం మధ్యాహ్నం భోజనం మారుతి గదిలోనే. మారుతి మటన్ వండుతాడు, రాజేశం గిన్నెలు కడుగుతాడు. చుట్టుపక్కల ఉన్న ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటారు. అయితే మాజీ సర్పంచ్ భార్య మారుతికి సొంత మేనత్త. అతనూ రోజూ అందరికీ ఫోన్లు చేస్తున్నాడు, ఉంగరానికి.

ఆ శుక్రవారం వెళ్లాలా వద్దా అని రాజేశం అల్ ఖోర్ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించాడు. తలుపు తీసిన మారుతి అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"అచ్చినవా పానా రాజేశం? ఇయ్యాల కూరల ఉప్పు నీ దిక్కు వేరే, నా దిక్కు వేరే వెయ్యమంటవా?"

గదిలో అప్పటికే కూర్చున్నవాళ్లు నవ్వారు. రాజేశం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అన్నాలు తింటున్నప్పుడు మారుతే మొదలుపెట్టాడు.

"మా అత్త నిలవడ్డదంటే మామ చేతుల పలుకుబడి ఉన్నది. మండలంల మాట నడుస్తది. రాములవ్వ వండవెట్టేటి మనిషి, ఆఫీసులల్ల ఏం మాట్లాడుతది?"

అందరూ రాజేశం వైపు చూశారు. అతను చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టాడు.

"మారుతీ, నన్ను పొద్దుగాల కంపెనీ ఏసీ బస్సుల తీస్కపోతది," అన్నాడు. "సాయంత్రం తీస్కస్తది. ఒక్కనాడు బస్సు ఆలస్యమైతే బాసిత్ ఇరువై ఫోన్లు జేస్తడు. ఎందుకు? మేం పనికి పోకుంటే నడవదు గన్క. మన బిడ్డలు బడికి నడిచి పోతున్నరు. వాళ్ల బస్సు కోసం ఫోన్ జేసినోళ్లు ఎవలు? నేను జెయ్యలే. నువ్వు జెయ్యలే. మీ మామ జేసిండో లేదో నాకు ఎర్కలేదు. రాములవ్వ డిపోకు పోయి కూసున్నది. ఆమెకు మాట్లాడరాదంటవా? నాకు సుత రాదు. మాట్లాడుతున్న గదా."

మారుతి లేచి గిన్నె తెచ్చి రాజేశం పళ్లెంలో ఇంకో ముక్క వేశాడు.

"నేను మా అత్తకే జెప్త ఓటు," అన్నాడు. "అత్త అత్తనే. గని నువ్వు మాట్లాడుతుంటే ఇనబుద్ధయితున్నది. తిను, సల్లారుతది."

గిన్నెలు ఎప్పటిలాగే రాజేశం కడిగాడు. మారుతి పక్కన నిలబడి తుడిచాడు. వెళ్లేటప్పుడు మెట్ల దాకా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "అందరికి ఫోన్ జేసినవు. పెద్దక్కకు జేసినవా?"

రాజేశం మళ్లీ పాత రాజేశం అయిపోయాడు. ఏమీ చెప్పకుండా మెట్లు దిగాడు.

పెద్దక్క అతని తోబుట్టువు. పెళ్లిచూపుల్లో అతని తరఫున మాట్లాడిన అక్క ఆమే. ఆమెకూ రాములవ్వకూ మాటల్లేక ఏళ్లయింది. పెద్దక్క కోళ్లు బడి వంటింట్లోకి దూరి బియ్యం చిందరవందర చేశాయి. "కోళ్లను గాదు, నిన్ను గట్టెయ్యాలె" అంది రాములవ్వ, పదిమంది ముందు. ఆ మాట పెద్దక్క మరిచిపోలేదు. ఆమె వాడకట్టులో ఆమె ఎటంటే ఆడవాళ్లంతా అటే. ఊరందరికీ ఫోన్లు చేసిన రాజేశం ఆమె నంబరు దగ్గరికి వచ్చి రోజూ ఆగిపోతున్నాడు.

మరునాడు పనినుంచి రాగానే, ఇంకా బూట్లు విప్పకుండానే, క్యాంపు గోడ పక్కన నిలబడి ఫోను చేశాడు.

"అక్కా, ఎవ్వలు పోలే. నేను రాజేశంను."

"ఎర్కే," అంది పెద్దక్క. "ఊరందరికి జేసినంక అక్క యాదికచ్చిందా? నీ ఈడియో సుత నాకు పక్కింటామె సూపిచ్చింది."

"నీకు కోపం అస్తదని జెయ్యలే."

"అస్తది. రానియ్యి. ఏందో చెప్పు."

రాజేశం బస్సు గురించి చెప్పలేదు. ఆంజి నేర్పిన వరుసా చెప్పలేదు. "అక్కా, నేను ఖతరుకు అచ్చిన కొత్తల బిడ్డ అన్నం తినలే. నువ్వు ఇంటికి పిలుచుకపోయి సూసినవ్, నీ దగ్గర సుత తినలే. రాములవ్వ తినవెట్టింది. ఆమె నిన్ను అన్న మాట తప్పే. గని నా బిడ్డకు అన్నం వెట్టిన చెయ్యి. నేను ఆమెకు ఏం జెయ్యగల్గుత అక్కా, ఇంత దూరంల ఉండి? గీ ఒక్క ఫోనే."

అటువైపు కోళ్ల అరుపులు వినిపిస్తున్నాయి.

"తమ్మీ," అంది చివరికి, "నిన్ను పెంచిన గని నువ్వు నన్ను ఏది అడుగలే. ఆకలైతున్నదని సుత నేనే మొకం జూసి తెలుసుకునేది. గిప్పుడు అడిగినవు." మధ్యలో కోళ్లను అదిలించింది. "నేను ఏం జెప్ప. నా ఓటు నా ఇష్టం." ఫోను పెట్టేసింది.

పోలింగు నాడు రాజేశానికి డ్యూటీ. ఊళ్లో మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోలింగు, తర్వాత అక్కడే లెక్కింపు. ఫోను గేటు దగ్గర అప్పజెప్పి మంచె ఎక్కాడు. దూరంగా సముద్రం మెరుస్తోంది. పని మీదే ధ్యాస ఉంచాలని గట్టిగా అనుకున్నాడు, ఎందుకంటే ఆ ఎత్తులో రెండో ధ్యాస పనికిరాదు. అయినా కింద నుంచి బాసిత్ మధ్యమధ్య తల పైకెత్తి, రెండు చేతులూ విప్పి 'ఏమైంది' అని సైగ చేస్తూనే ఉన్నాడు. నీకెంత తెలుసో నాకూ అంతే అని రాజేశం పైనుంచి సైగ చేశాడు.

సాయంత్రం బస్సు కదిలాక ఫోను ఆన్ చేశాడు. అది వెలిగే లోపే మోగింది. పెద్దక్క.

అటు డప్పులు. అరుపులు. ఏమీ వినపడడం లేదు.

"అక్కా, ఏమైంది?"

"గెలిసింది, గెలిసింది," అంటోంది పెద్దక్క. "మన వాడకట్టు ఓట్లతోనే ముందటికి దాటింది తమ్మీ. పొద్దుగాల ఆరింటికే అందర్ని లేపి లైన్ల నిలవెట్టిన. ఒక్కదాన్ని సుత పొయ్యి కాడికి పోనియ్యలే."

"నా ఓటు నా ఇష్టమంటివి?"

"నా ఇష్టమే గదా. నేను ఇష్టంతోనే జేసిన." డప్పుల మధ్యలోంచి ఇంకో గొంతు వినిపించింది. అది రాములవ్వది. "బిడ్డా రాజేశం," అని ఏదో చెప్పబోయి చెప్పలేకపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పెద్దక్క ఆమెను కసురుతోంది: "సర్పంచువై ఏడుస్తరా? మొకం తుడుసుకో, ఫోటో దిగాలె." ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం విని ఎన్నేళ్లయిందో రాజేశం లెక్కపెట్టలేదు. అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

బస్సులో అందరూ అతన్నే చూస్తున్నారు. తెలుగువాళ్లున్నారు, నేపాలీలున్నారు, బంగ్లా వాళ్లున్నారు. ఎవరికీ ఎర్రగుంటపల్లె ఎక్కడో తెలియదు.

"జీత్ గయీ?" అన్నాడు బాసిత్ ముందు సీటు నుంచి.

"జీత్ గయీ," అన్నాడు రాజేశం.

బాసిత్ చప్పట్లు మొదలుపెట్టాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. జెండా లేదు, నినాదం లేదు, ఒట్టి చప్పట్లే. ఇంతలో మారుతి సందేశం వచ్చింది: "మా అత్త ఓడింది. అన్నం తినలేదట. నువ్వు మటుకు శుక్రారం రా, తలకాయ కూర వండుతున్న."

మరునాడు ఖతర్ నేషనల్ డే, అందరికీ సెలవు. మధ్యాహ్నం ఆంజి, రాజేశం అల్ ఖోర్ సముద్రపొడ్డుకు వెళ్లారు. మెరూన్, తెలుపు రంగులతో ఊరంతా కళకళలాడుతోంది. పిల్లలు బుగ్గలకు రంగులు పూసుకుని కార్ల కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. ఒడ్డున ఒక ఖతరీ పెద్దాయన చాప పరిచి కూర్చొని, వచ్చేపోయేవాళ్లకు ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో గావా, అంటే అరబీ కాఫీ, పోసి ఇస్తున్నాడు. వీళ్లనూ పిలిచి కూర్చోబెట్టాడు. రాజేశం ముఖం చూసి, ఈ పండగకు నువ్వు మాకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నావేమిటని అరబీలో అడిగాడు.

ఆంజి చెప్పడానికి ముందుకు వంగాడు. రాజేశం అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. తనకు వచ్చిన నాలుగు అరబీ ముక్కలూ, రెండు ఉర్దూ ముక్కలూ ఏరుకొని, మిగిలింది చేతులతో పూర్తిచేస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. తన ఊరు అని, చిన్నదని, అక్కడ ఒక ఆమె ఉందని, బడి పిల్లలకు అన్నం వండేదని, నిన్నటి నుంచి ఆమే ఊరికి రయీస్, పెద్ద అని. పెద్దాయన మధ్యలో ఆపి ఏదో అడిగాడు. రాజేశం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి ఇంకాస్త వివరంగా, కోళ్ల సంగతితో సహా. కోడి అరబీలో ఏమిటో తెలియక మోచేతులు రెక్కల్లా ఆడించాడు.

పెద్దాయన కడుపు పట్టుకొని నవ్వాడు. "మబ్రూక్, మబ్రూక్," అని అభినందిస్తూ గావా మళ్లీ నింపాడు. పక్క చాప మీదివాళ్లు కూడా ఏమిటేమిటని ఇటు జరిగారు. రాజేశం కప్పు అందుకొని, ఒక గుక్క తాగి, వాళ్ల వైపు తిరిగాడు.